ఒంటరి మొక్క – లోకసంచారి కప్ప

ఒక జీవజాతి క్షేమంగా ఉన్నదా, లేక అంతరించే దశలో ఉన్నదా అని తెలుసుకోవడానికి సాధారణంగా మనం అడిగే మొదటి ప్రశ్న “ఎన్ని ఉన్నాయి?” అనేది. పులులను లెక్కిస్తాము, బట్టమేకతల పిట్టలను లెక్కిస్తాము. సంఖ్య పెరిగితే సంతోషిస్తాము, తరిగితే విచారిస్తాము. అయితే ప్రకృతిలో లెక్క ఎల్లప్పుడూ ఇంత సులభం కాదు. వందల సంఖ్యలో కనిపిస్తున్నా నిజానికి ఒక్కటే అయిన జీవి ఉన్నది. ఎక్కడ చూసినా కనిపిస్తూ, ఏ ఒక్కటీ మరొకదానిని పూర్తిగా పోలని జీవీ ఉన్నది. ఈ రెండూ దక్షిణాఫ్రికా దేశానికి చెందినవే కావడం విశేషం. మొదటిది నటాల్ ప్రాంతపు ఎన్సెఫలార్టోస్ వుడై అనే సైకడ్ మొక్క; రెండవది అక్కడి చెరువుల్లోను, గుంటల్లోను కనిపించే జెనోపస్ లేవిస్ అనే కప్ప. మొక్కకూ కప్పకూ పోలిక ఏమిటని అనిపించవచ్చును. కాని ఈ రెండింటి చరిత్రలను పక్కపక్కన పెట్టి చూస్తే, జీవం ఎలా నిలుస్తుంది అన్న ప్రశ్నకు చక్కని సమాధానం లభిస్తుంది.

అడవి అంచున ఒక గుబురు

1860 నవంబరు 16వ తేదీన మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ డర్బన్ రేవుకు చేరింది. ఒప్పంద కూలీలుగా నటాల్ చెరకు తోటలకు భారతీయుల వలస అట్లా మొదలైంది. వారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. ఆ వలస మొదలైన ముప్పై అయిదేళ్లకు, అంటే 1895లో, డర్బన్ వృక్షోద్యానవనపు సంరక్షకుడు జాన్ మెడ్లీ వుడ్ జులూలాండ్‌లోని ఎన్‌గోయె అడవి అంచున, దక్షిణం వైపు వాలిన ఒక ఏటవాలు కొండమీద, మునుపెన్నడూ చూడని ఒక సైకడ్‌ను గమనించాడు. ఒకే మొదలు నుండి లేచిన నాలుగు మానులు, వాటి తలలపై గొడుగుల వలె వంగిన నిగనిగలాడే పొడవాటి ఆకులు. చుట్టుపక్కల అటువంటిది మరొకటి లేదు.

వృక్షశాస్త్రజ్ఞులు ఆ గుబురు మొదట్లో పుట్టిన పిలకలను తీసి పెంచసాగారు. 1899లో ఒక మొక్క లండన్‌లోని క్యూ ఉద్యానవనానికి చేరింది. 1903లో వుడ్ సహాయకుడైన జేమ్స్ వైలీ మరికొన్ని పిలకలను, 1907లో పెద్ద మానులలో రెండింటిని డర్బన్‌కు తెచ్చాడు. 1908లో ఈ మొక్కకు వుడ్ పేరు పెట్టారు. 1912 నాటికి అడవిలో మిగిలినది మూడు మీటర్ల ఎత్తున్న ఒకే ఒక మాను. 1916లో దానిని కూడా పెకలించి ప్రిటోరియాకు తరలించారు. అది 1964లో చనిపోయింది. 1916 తరువాత ఈ మొక్కను అడవిలో చూచినవారు లేరు.

నేడు వుడ్ సైకడ్లు ప్రపంచంలోని అనేక వృక్షోద్యానవనాలలో వందల సంఖ్యలో ఉన్నాయి. డర్బన్ తోటలో 1907లో నాటిన మానులు ఇప్పటికీ పచ్చగా నిలిచి ఉన్నాయి. సంఖ్య చూస్తే పరవాలేదనిపిస్తుంది. అసలు చిక్కు సంఖ్యలో లేదు.

పోతుతాటికి కాయ కాయదు

తాటిచెట్లలో పోతుతాడు వేరు, కాయలు కాచే తాడు వేరు అన్న సంగతి తెలుగు పల్లెల్లో పిల్లవానికి కూడా తెలుసు. పోతుతాటి కింద ముంజెల కోసం ఎవరూ నిలబడరు. బొప్పాయిలో కూడా పోతుచెట్టు పూస్తుంది గాని కాయదు. సైకడ్లు కూడా ఇదే పద్ధతికి చెందినవి. ఒక మొక్క మగది, మరొక మొక్క ఆడది. వాటికి పూలు ఉండవు. నడినెత్తిన మొక్కజొన్న కండె వంటి పెద్ద శంకువులు పుడతాయి. మగ శంకువు పరాగాన్ని ఇస్తుంది, ఆడ శంకువులో విత్తనాలు ఏర్పడతాయి.

వుడ్ కనుగొన్న గుబురు మగది. దాని నాలుగు మానులూ మగవే. దాని పిలకలూ మగవే. ఆ పిలకల పిలకలూ మగవే. ఈ జాతిలో ఆడమొక్క ఇంతవరకు ఎక్కడా దొరకలేదు. నారింజ ఛాయ గల పసుపుపచ్చని శంకువులు కాలానుగుణంగా పుట్టి, పరాగాన్ని విరజిమ్మి, ఎండిపోతూ ఉంటాయి. క్యూలోని మొక్క 2004లో శంకువు వేసినప్పుడు పత్రికలు దానిని గొప్ప వార్తగా ప్రకటించాయి. కాని ఆ పరాగాన్ని అందుకొనవలసిన జోడు ఈ భూమిమీద ఉన్నదో లేదో తెలియదు.

సైకడ్ల సంతానోత్పత్తిలో మరొక వింత ఉన్నది. ఈ మొక్కల శుక్రకణాలకు ఈదే శక్తి ఉన్నది. 1896లో, అంటే వుడ్ తన మొక్కను చూచిన మరుసటి సంవత్సరంలోనే, జపాను శాస్త్రజ్ఞుడు ఇకెనో సైకస్ జాతి మొక్కలో ఈదే శుక్రకణాలను కనుగొన్నాడు. ఇవి వృక్షజాతులన్నిటిలోకి పెద్దవి. కొన్ని సైకడ్లలో వీటిని సూక్ష్మదర్శిని లేకుండానే చూడవచ్చును. వీటి చుట్టూ మెలికలుగా అమరిన వేలకొద్దీ సన్నని తోకలు ఉంటాయి. పరాగనాళం పగిలినప్పుడు వెలువడే చుక్క ద్రవంలో ఇవి అండం దాకా ఈదుకొని పోతాయి. కప్ప చెరువు నీటిలో చేసే పనినే సైకడ్ తన శంకువులోని నీటిబొట్టులో చేస్తుంది. వృక్షాలకు, జంతువులకు మధ్య మనం గీసిన గీత ఇక్కడ కొంచెం చెరిగిపోతుంది.

పిలకకు, విత్తనానికి గల భేదం

అరటి తోట వేసిన రైతును అడిగితే పిలక మహిమ చెబుతాడు. మంచి చక్రకేళి చెట్టు పిలకను నాటితే అదే చక్రకేళి వస్తుంది. రుచి మారదు, గెల తీరు మారదు. తోటలో వెయ్యి చెట్లున్నా అవి ఒకే చెట్టుకు ప్రతిరూపాలు. ఇది రైతుకు లాభమే. కాని ఒక చెట్టును పడగొట్టగల తెగులు వస్తే వెయ్యి చెట్లనూ పడగొట్టగలదు. వాటిలో ఏ ఒక్కదానికీ మిగతావాటికి లేని రక్షణ ఉండదు.

విత్తనం సంగతి వేరు. తల్లి నుండి సగం, తండ్రి నుండి సగం వారసత్వం కలిసినప్పుడు ప్రతిసారీ కొత్త మేళవింపు ఏర్పడుతుంది. ఒకే కాయలోని రెండు గింజలు సైతం ఒకటి కావు. వేడి పెరిగినా, వానలు తగ్గినా, కొత్త పురుగు వచ్చినా, ఆ వైవిధ్యంలో నుండి కొన్ని తట్టుకొని నిలుస్తాయి. జాతి కొనసాగడమంటే అదే.

ఈ దృష్టితో చూస్తే, లండన్‌లో ఉన్న వుడ్ సైకడ్, డర్బన్‌లో ఉన్నది, మరే దేశపు తోటలో ఉన్నదైనా సరే, వేరు వేరు మొక్కలు కావు. 1895లో వుడ్ చూచిన ఆ ఒక్క మొక్కయే పలుచోట్ల నిలిచి ఉన్నది. ఆ మొక్క చావలేదు. ఆ మొక్కకు సంతానమూ లేదు.

నూతి కప్ప కాదు

ఇక కప్ప విషయానికి వద్దాము. లోకం తెలియనివానిని నూతిలో కప్ప అంటాము. ఆ సామెత జెనోపస్‌కు వర్తించదు. ఇది దక్షిణాఫ్రికాలో మిక్కిలి సాధారణమైన కప్ప. అక్కడివారు దీనిని ప్లటానా అంటారు. బల్లపరుపు శరీరం, పైకి చూచే చిన్న కన్నులు, వెనుక కాళ్ల వేళ్లలో మూడింటికి నల్లని గోళ్లు. నోటిలో నాలుక మాత్రం లేదు. జీవితమంతా నీటిలోనే గడుపుతుంది. నీరు ఎండిపోతే బురదలో దాగి నెలల తరబడి ఓర్చుకొంటుంది. దొరికినదెల్లా తింటుంది. ఆడకప్ప ఒక్కసారికి వేల గుడ్లు పెడుతుంది.

1927లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు లాన్సెలాట్ హాగ్బెన్ కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా చేరి ఈ కప్పపై పరిశోధనలు సాగించాడు. ఎద్దు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి సారాన్ని ఎక్కించినప్పుడు ఆడకప్ప గుడ్లు పెట్టడం ఆయన గమనించాడు. గర్భవతుల మూత్రంలో దానిని పోలిన ప్రభావం గల హార్మోన్ ఉంటుంది. 1930 తరువాతి సంవత్సరాలలో కేప్‌టౌన్‌లో షపీరో, జ్వారెన్‌స్టైన్ అనే శాస్త్రజ్ఞులు దీనిని గర్భనిర్ధారణ పరీక్షగా రూపొందించారు. స్త్రీ మూత్రాన్ని కప్ప చర్మం కింద సూదితో ఎక్కిస్తే, ఆమె గర్భవతి అయినచో మరునాటి ఉదయానికి తొట్టెలో గుడ్లు కనిపించేవి. అంతకు ముందున్న పరీక్షలలో ఎలుకలను, కుందేళ్లను చంపి కోసి చూడవలసి వచ్చేది. ఈ కప్పకు మాత్రం కొంత విశ్రాంతి ఇచ్చి మళ్లీ వాడుకొనవచ్చును.

అందుచేత 1960 దశకంలో రసాయన పరీక్షలు వచ్చేవరకు వేలాది ప్లటానాలు ఓడలెక్కి దేశదేశాల ఆసుపత్రులకు ప్రయాణం చేశాయి. ఒక తరం స్త్రీలకు తల్లి కాబోతున్నారన్న శుభవార్తను మొదట చెప్పినది కేప్ ప్రాంతపు కప్ప అంటే అతిశయోక్తి కాదు.

ప్రయోగశాలలో కప్ప

ఆసుపత్రుల కోసం వచ్చిన కప్ప అక్కడితో ఆగక పరిశోధనశాలలలో స్థిరపడింది. ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుర్డన్ ఈ కప్ప గుడ్డులోని కేంద్రకాన్ని పనిచేయకుండా చేసి, దాని స్థానంలో పెరుగుతున్న పిండంలోని కణకేంద్రకాన్ని ఉంచి, పూర్తిగా ఎదిగిన కప్పలను సృష్టించగలిగాడు. ఈ ఫలితం 1958లో వెలువడింది. 1962లో తోకకప్ప పేగు కణాల కేంద్రకాలతో కూడా గుడ్లు ఎదగగలవని ఆయన ప్రకటించాడు. ఒక కణం పేగుగా మారినా, సంపూర్ణ జీవిని నిర్మించే సమాచారం దానిలో చెక్కుచెదరకుండా ఉంటుందని దీనివలన తేలింది. ఈ కృషికి 2012లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది.

రసాయనశాస్త్రం కూడా ఈ కప్పకు ఋణపడి ఉన్నది. కణాల పొరలలో నుండి నీరు ఎలా ప్రవహిస్తుంది అన్న చిక్కుముడిని విప్పడానికి 1992లో పీటర్ ఏగ్రె బృందం ఒక మాంసకృత్తును జెనోపస్ గుడ్డులో తయారు చేయించింది. ఆ మాంసకృత్తు ఉన్న గుడ్లు పలుచని నీటిలో వేయగానే ఉబ్బి పగిలిపోయాయి. లేనివి యథాతథంగా ఉన్నాయి. నీటికి కణపొరలో ప్రత్యేక ద్వారం ఉన్నదనడానికి అంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు. 2003లో ఏగ్రెకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

చిత్రమేమంటే, గుర్డన్ తన సూక్ష్మనాళికతో కప్పకు చేసిన దానిని తోటమాలులు కత్తితో, పారతో వుడ్ సైకడ్‌కు అంతకు ఎంతో ముందే చేశారు. రెండూ ప్రతిరూపాల సృష్టియే. భేదం ఏమంటే, కప్పకు అది ఒక ప్రయోగం మాత్రమే. మొక్కకు అదొక్కటే బ్రతుకుతెరువు.

రెండింటి రసాయన కవచాలు

ఆత్మరక్షణలో మాత్రం ఈ రెండు జీవులూ రసాయనాలనే నమ్ముకొన్నాయి. సైకడ్లలో సైకసిన్, మాక్రోజామిన్ అనే విషాలు ఉంటాయి. మొక్కలో ఇవి చక్కెర అణువులతో బంధించబడి ఉండడం వల్ల మొక్కకు హాని చేయవు. జంతువు తిన్నప్పుడు దాని పేగులలోని ఎంజైములు చక్కెరను విడదీస్తాయి; అప్పుడు వెలువడే పదార్థం కాలేయాన్ని, కణాలలోని డీఎన్ఏను దెబ్బతీస్తుంది. కత్తిని ఒరలో పెట్టి శత్రువు చేతికిచ్చి, అతని చేతనే తీయించినట్లు ఉంటుంది ఈ ఉపాయం.

కప్పది మరొక మార్గం. శస్త్రచికిత్స చేసిన జెనోపస్‌లను శుభ్రంగా లేని నీటిలో వదిలినా గాయాలు చీము పట్టకుండా మానడం అమెరికాలో మైకేల్ జాస్లాఫ్ గమనించాడు. 1987లో ఆయన కప్ప చర్మం నుండి మాగైనిన్ అనే పదార్థాలను వేరుచేశాడు. ఇరవైమూడు అమినో ఆమ్లాల చిన్న గొలుసులు ఇవి. ధనావేశం గల ఈ గొలుసులు ఋణావేశం గల సూక్ష్మజీవుల పొరలకు అంటుకొని వాటిని ఛేదిస్తాయి. ఈ మార్గంలో కొత్త ఔషధాల కోసం అన్వేషణ నేటికీ సాగుతూనే ఉన్నది.

సంకరం – వరమా, శాపమా?

జెనోపస్ లేవిస్ వంశచరిత్ర 2016లో దాని జన్యుపటం పూర్తయినప్పుడు స్పష్టపడింది. ఈ కప్పకు 36 క్రోమోజోములు ఉన్నాయి. సుమారు 1 కోటి 70 లక్షల సంవత్సరాల క్రితం రెండు వేర్వేరు కప్పజాతులు కలిసి, రెండింటి పూర్తి వారసత్వమూ ఒకే శరీరంలో చేరి ఈ జాతి ఏర్పడింది. అంటే, నేడు ఇంత సాధారణంగా కనిపించే ఈ కప్ప పుట్టుకే ఒక అరుదైన కలయిక.

వుడ్ సైకడ్‌కు కూడా కలయికే ఆశ. ఆడమొక్క లేనందున, దానికి దగ్గరి బంధువైన ఎన్సెఫలార్టోస్ నటాలెన్సిస్ ఆడమొక్కలపై దీని పరాగాన్ని చల్లి సంకర విత్తనాలను పుట్టించారు. ఆ సంకర సంతానంలో ఆడవాటిని మళ్లీ వుడ్ సైకడ్ పరాగంతో కలిపితే, తరతరానికీ అసలు జాతికి దగ్గరవుతాయి. అయితే సైకడ్ శంకువు వేసే వయసుకు రావడానికే ఎన్నో సంవత్సరాలు పడుతుంది. ఈ పని ఒక జీవితకాలంలో ముగిసేది కాదు. ఎంత దగ్గరైనా అది మూలజాతి కూడా కాదు.

కప్పల లోకంలో ఇదే సంకరం శాపమైంది. కేప్ ప్రాంతపు నల్లని ఆమ్లజలాల కుంటలలో జెనోపస్ గిల్లి అనే చిన్న కప్ప ఉన్నది. దాని ఉనికి ప్రమాదంలో ఉన్నది. సాధారణ ప్లటానా ఆ కుంటలలోకి చొరబడి, దాని ఆహారాన్ని పంచుకొని, దానితో జతకట్టి, ఆ అరుదైన జాతి ప్రత్యేకతను చెరిపివేస్తున్నది. ప్రయోగశాలల నుండి, పెంపుడు తొట్టెల నుండి బయటపడిన ప్లటానాలు కాలిఫోర్నియా, చిలీ, ఫ్రాన్సు, సిసిలీలలో స్థిరపడి అక్కడి జలచరాలకు బెడదగా మారాయి.

దీనికి తోడు మరొక అనుమానం. 1999లో పేరుపెట్టబడిన ఒక శిలీంధ్రం కప్పల చర్మానికి సోకి వాటిని చంపుతున్నది. 2019లో వెలువడిన ఒక అంచనా ప్రకారం దీనివల్ల 501 ఉభయచర జాతులు క్షీణించగా, వాటిలో 90 అంతరించి ఉండవచ్చును. 1938లో భద్రపరచిన ఒక జెనోపస్ శరీరంపై ఈ శిలీంధ్రం కనిపించినందున, గర్భపరీక్షల కోసం ఎగుమతి అయిన కప్పలే దీనిని లోకమంతా చల్లాయని 2004లో కొందరు శాస్త్రజ్ఞులు భావించారు. 2018లో జరిగిన జన్యుపరిశీలన శిలీంధ్రపు పుట్టుక తూర్పు ఆసియాలో అని సూచించింది. మూలం ఎక్కడైనా, తాను పెద్దగా బాధపడకుండా దీనిని మోయగల ప్లటానా, దాని వ్యాప్తిలో కొంత పాలుపంచుకొన్నదన్న మాట మాత్రం తోసివేయరానిది. సాధారణమైనదంతా నిరపాయకరం కాదు.

వెదుకులాట, ఒక హెచ్చరిక

ఎన్‌గోయె అడవి విస్తీర్ణం సుమారు 4,000 హెక్టార్లు. అందులో ఎక్కడైనా ఒక ఆడమొక్క దాగి ఉండవచ్చునన్న ఆశ ఇంకా పోలేదు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు లారా సింటి, ఆమె సహచరులు 2022 నుండి డ్రోన్లతో అడవిపై చిత్రాలు తీసి, కంప్యూటర్ సహాయంతో వుడ్ సైకడ్ ఆకృతి కోసం వెదికారు. 2024లో ఈ ప్రయత్నం వార్తలకెక్కేనాటికి చూచినది అడవిలో రెండు శాతం కన్నా తక్కువ. ఆడమొక్క మాత్రం దొరకలేదు.

ఈ కథ నటాల్‌తో ముగిసేది కాదు. తెలుగునేలకు తనదంటూ ఒక సైకడ్ ఉన్నది. తిరుమల నుండి కడప వైపు సాగే శేషాచలం కొండలలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని సైకస్ బెడ్డోమై అది. నటాల్‌కు వెళ్లిన తెలుగువారిలో ఎందరో బయలుదేరిన ఉత్తర ఆర్కాటు జిల్లాలోనే 1911 వరకు తిరుమల కొండలు ఉండేవి. ఈ మొక్కను కూడా, వుడ్ సైకడ్‌ను ఉంచినట్లే, అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించే ఒప్పందపు మొదటి పట్టికలో ఉంచారు. శేషాచలాన్ని 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. అయినా నాటుమందుల కోసం దీని మగ శంకువులను కోసుకొని పోవడం, కొండలపై మంటలు చెలరేగడం ఈ జాతిని పీడిస్తున్నాయి.

మగ శంకువును కోస్తే మొక్క చావదు. తరువాతి సంవత్సరాలలో మరొక శంకువు వేస్తుంది. అందువల్ల నష్టమేమీ లేదని కోసేవారికి తోచవచ్చును. కాని ఆ ఏటి పరాగం లేక, అవతలి గుట్టమీది ఆడమొక్క ఒట్టిపోతుంది. ఆ ఏడు మొలవవలసిన మొక్కలు మొలవవు. కొండమీది మొక్కలను లెక్కించేవారికి ఆ లోటు చాలాకాలం కనిపించదు. పెద్ద మొక్కలన్నీ పచ్చగానే నిలిచి ఉంటాయి, డర్బన్ తోటలోని మానుల వలెనే.

ఎన్‌గోయెలో వుడ్ అడుగు పెట్టేసరికే ఆలస్యమైపోయింది. శేషాచలంలో ఇంకా ఆ స్థితి రాలేదు. అక్కడ మగమొక్కలూ ఉన్నాయి, ఆడమొక్కలూ ఉన్నాయి, వాటి విత్తనాలు నేలపై పడి మొలకెత్తుతున్నాయి. ఆ మొలకలు ఏటేటా మొలిచేటట్లు చూచుకొంటే చాలు, డ్రోన్లతో వెదకవలసిన అవసరం రాదు.